వేలానికి ముందు నాణ్యత పరీక్ష

2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) వేదికలో నిజామాబాద్ పసుపు కూడా ఆన్‌లైన్ వేలానికి వస్తోంది. కొత్తగా అమ్మబోయే రైతుకు బెంగంతా యాప్ గురించే. కానీ ధర తేలేది వేలానికి ముందే, సరుకు నాణ్యత దగ్గరే. సరుకు కళ్లారా చూడని వ్యాపారి తన అనుమానానికి తగ్గట్టు ధర తగ్గించి కోట్ చేస్తాడు. కొమ్ములు, గోళాలు కలగలిసి, తేమ ఆరని కుప్పకు అందులోని నాసిరకం ధరే దక్కుతుంది. విడదీసి, ఆరబెట్టి, తేమ, పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ శాతం పరీక్షించిన లాటుకైతే దూరపు వ్యాపారి కూడా ధైర్యంగా పాడతాడు.

స్థానిక ఖరీదుదారులు కుమ్మక్కైతే ఆన్‌లైన్ వేలం ఏం చేస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. కుమ్మక్కును విరగ్గొట్టేది బయటి పోటీ. బయటివాళ్లను రప్పించేది నమ్మదగిన పరీక్షా ఫలితం. అప్పు తీర్చాల్సిన రైతు పరీక్షలంటూ ఎన్నాళ్లు ఆగుతాడన్నది మరో అభ్యంతరం. అదీ నిజమే. అందుకే అదే పూట ఫలితమిచ్చే ప్రయోగశాల, సిబ్బంది ప్రతి యార్డులో ఉండాలి. ధర నచ్చకపోతే అమ్మనని చెప్పే హక్కు ఈ-నామ్‌లో రైతుకు ఉంది. ఆ హక్కు అక్కరకు రావాలంటే సరుకు దాచుకునే గోదాము, దానిపై రుణం కూడా దొరకాలి. మార్కెట్ కమిటీలు కంప్యూటర్ల కంటే ముందు వీటికి ఖర్చు పెట్టాలి.