డిశ్చార్జి కాగితంలో నెలసరికీ చోటుండాలి

నా ఎడమ అండాశయంలోని డెర్మాయిడ్ గడ్డను లాపరోస్కోపీతో తీసి, ఇంటికి పంపేటప్పుడు ఓ డిశ్చార్జి కాగితం ఇచ్చారు. కుట్లు తడపొద్దని, బరువులెత్తొద్దని అందులో రాశారు. నెలసరి ఊసే లేదు. ఆ నెల తేదీ దాటింది. తర్వాత చుక్కలుగా కనిపించి ఆగింది. "గర్భసంచి గానీ తీసేసిన్రా ఏందమ్మా?" అని మా అత్తమ్మ బెంగపడింది. ఊరికి నలుగురైనా గర్భసంచి తీయించుకున్నవాళ్లున్న చోట ఆ భయం ఉత్తది కాదు.

నిజానికి అండాశయంపై కోత, ఆపరేషన్ ఒత్తిడి వల్ల ఒకటి రెండు నెలలు నెలసరి ముందువెనకలు కావచ్చు. ఒక అండాశయం తీసేసినా, రెండోది బాగా పనిచేస్తుంటే నెలసరి వస్తుంది, గర్భమూ నిలుస్తుంది. ఎండోమెట్రియోసిస్ గడ్డలు తీస్తే మాత్రం అండాల నిల్వ తగ్గొచ్చు. పిల్లలు కావాలనుకునేవారికి ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

గంటకో ప్యాడ్ తడుస్తున్నా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలలైనా నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. గర్భానికి అవకాశముంటే తేదీ తప్పగానే గర్భ పరీక్ష చేయించుకోవాలి.

ఏ గడ్డ తీశారు, ఏది ఉంచారు, నెలసరి ఎలా ఉండొచ్చు, ఎప్పుడు పరుగెత్తాలి: ఈ నాలుగు సంగతులూ తెలుగులో రాసిస్తే డాక్టరుకు పట్టేది ఐదు నిమిషాలు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటిలో దీన్ని తప్పనిసరి చేయాలి. మన ఒంట్లో ఏం జరిగిందో తెలుసుకోవడం మన హక్కు.