కామెంట్లు తీసేస్తే ఆగిపోయే కోడ్

"డీఎన్ఏ అంటే కోడే కదా, ఉన్నవి నాలుగు అక్షరాలే కదా!" మా క్లాసులో ఈ మాట అనని వాళ్లు లేరు. నేనూ అన్నాను. ఎంపీసీ తీసుకుని బోటనీకి టాటా చెప్పిన ధైర్యం అది. బయోటెక్ చదువుతున్న మా పెద్దమ్మ కూతురి ముందు అన్నాక మాత్రం పరువు పోయింది.

అక్క పనిచేసేది క్లామిడోమొనాస్ మీద. ఒకే కణం, రెండు తోకలున్న పచ్చటి నాచు. దాని జీనోమ్ 2007లోనే వచ్చేసింది. అంటే సోర్స్ కోడ్ చేతిలో ఉన్నట్టే. మరి వేరే జీవి జీన్ తెచ్చి అందులో పెడితే మనకి కావాల్సిన ప్రోటీన్ వెలుతురులో చవగ్గా తయారవ్వాలి కదా? చాలాసార్లు జీన్ లోపలికి వెళ్తుంది గానీ ప్రోటీన్ రాదు. వచ్చినా చుక్కంత.

"ఎర్రర్ మెసేజ్ ఏమొస్తుంది?" అని అడిగా. అక్క పడీ పడీ నవ్వింది.

మొదటి చిక్కు యాసది. ఒకే అమైనో ఆమ్లాన్ని చాలా రకాలుగా రాయొచ్చు. ఈ నాచు కేంద్రకంలోని డీఎన్ఏలో దాదాపు 64 శాతం జీ, సీ అక్షరాలే. కాబట్టి బయటి జీన్‌ని దాని యాసలోకి మార్చి రాయాలి. ఇది మనలాంటి వాళ్లకి ఈజీ, స్క్రిప్ట్ రాస్తే అయిపోతుంది. కానీ అక్కడితో పని అవ్వదు.

నన్ను నిజంగా ఆపేసింది ఇంట్రాన్లు. ప్రోటీన్ తయారయ్యే ముందు కత్తిరించి పారేసే ముక్కలవి. మన భాషలో కామెంట్లు అనుకున్నా. అయితే రుబిస్కో ప్రోటీన్‌కి చెందిన ఆర్‌బీసీఎస్2 అనే జీన్‌లోని మొదటి ఇంట్రాన్‌ని బయటి జీన్‌లో కలిపితే అది బాగా పనిచేస్తుందని 1998లో చూపించారు (మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పుట్టిన ఏడాదే!). 2018లో ఇంకో బృందం అదే ఇంట్రాన్‌ని పొడుగు జీన్ల మధ్యలో మళ్లీ మళ్లీ చొప్పించి ఫలితం సాధించింది. కామెంట్లు పెంచితే ప్రోగ్రామ్ బాగా నడవడం ఏ లాంగ్వేజ్‌లో చూశాం?

పైగా కణం బయటి జీన్‌ని నొక్కేస్తుంది. ఫైల్ అక్కడే ఉంటుంది, చదివే పర్మిషన్ పోతుంది. 2009లో యూవీ కాంతితో మార్పులు చేసి, అలా నొక్కని రకాలను వెతికి పట్టుకున్నారు. ఎందుకు నొక్కట్లేదో, అంటే చెడిపోయిన జీన్ ఏదో, 2020లో గానీ బయటపడలేదు. డీబగ్గింగ్‌కి పదకొండేళ్లు!

అందుకే హ్యాకథాన్‌లో "బయాలజీని ఏఐతో సాల్వ్ చేశాం" అనే స్లైడ్ చూస్తే ఇప్పుడు నాకు సిగ్గేస్తోంది. అందులో ఒకటి నేను చేసిందే. మా బస్సు రోజూ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందు నుంచే వెళ్తుంది. లోపల స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. మనలో ఎంతమంది ఒక్కసారైనా వెళ్లి అడిగాం?

ఈ సెమ్ ఓపెన్ ఎలెక్టివ్ ఫారంలో నేను బయాలజీ అని రాశా. ఇంకో ముగ్గురు దొరక్కపోతే క్లాసు నడపరట. శుక్రవారం లాస్ట్ డేట్.