సర్టిఫికెట్టు ఉంది, గొట్టానికి చిల్లుంది!

శ్రీహరికోటలో కాపురం పెట్టిన కొత్తలో నన్ను ఏడిపించింది తుప్పు. కత్తిపీట, కిటికీ చువ్వలు, స్టవ్ కాళ్లు... దేన్నీ వదల్లేదు. ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క పులికాట్ సరస్సు, ఉప్పుగాలికి కొదవేముంది? కత్తిపీటకైతే కొబ్బరినూనె రాస్తాం. కారు అడుగున ఏముందో ఎవరు చూస్తారండీ?

పోయిన వేసవిలో సూళ్లూరుపేట వెళ్లొచ్చినప్పుడల్లా మా చిన్నదానికి తలనొప్పి, వికారం. ఎండదెబ్బేనని మజ్జిగ పట్టించేదాన్ని. ఇంటికొచ్చిన కాసేపటికి తగ్గిపోయేది. ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని వెళ్తుంటే ఎండ ఎక్కడ తగిలిందీ అన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది.

మావారితో అంటే, "పొల్యూషన్ సర్టిఫికెట్టు మొన్ననేగా తీసుకున్నాం, కారు బాగానే ఉంది" అన్నారు. నేను పట్టుబట్టి మెకానిక్ దగ్గరికి పంపించాను. పైకెత్తి చూస్తే ఇంజను నుంచి వచ్చే పొగగొట్టం తుప్పుపట్టి చిల్లు పడింది! వెనక నుంచి పోవలసిన పొగ కొంత మన కాళ్ల కిందే బయటపడి లోపలికి వస్తోందన్నమాట. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మూసిన కారులో ప్రాణం మీదికే తెస్తుంది. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి సర్టిఫికెట్టు ఎలా వచ్చింది? పెట్రోలు కారుకి, ఇంజను ఊరికే తిరుగుతుండగా, వెనక గొట్టంలో పుల్లలాంటిది పెట్టి కొలుస్తారు. కారు కిందికి దూరి చూడరు. పైగా చిల్లులోంచి బయటిగాలి కలిస్తే, నీళ్లు కలిసిన పాలలాగా పొగ పలచబడి రీడింగు తక్కువ చూపించవచ్చు కూడా.

గొట్టం మధ్యలో కేటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియంలాంటి ఖరీదైన లోహాల పూత. విషవాయువుల్ని చాలావరకు విరిచేసేది అదే. మాకు చిల్లు పడింది దానికి ముందు. అంటే శుద్ధి కాని పొగ!

కాబట్టి సర్వీసింగుకి ఇచ్చేటప్పుడు "అడుగున గొట్టం, జాయింట్లు చూడండి" అని నోరు విడిచి చెప్పండి. పొద్దున్నే ఆరుబయట కారు స్టార్ట్ చేయించి పక్కన నిలబడి వినండి. కింద ఫట్‌ఫట్‌మంటే అనుమానించాల్సిందే. షెడ్డు తలుపులు మూసి మాత్రం ఇంజను నడపకండి. నీలంపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందని, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. స్టవ్ సరిగ్గా మండకపోతే గిన్నె అడుగు మసిబారదూ, అలాగే. ఎదురుగా ఇంజను బొమ్మ దీపం వెలిగితే వాయిదా వేయకండి. అప్పుడప్పుడూ కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, ఇంజను చల్లారాకే సుమా.

కారులో ఎవరికైనా తల తిరిగితే వెంటనే ఆపి, దిగి, గాలి తగలనివ్వండి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లి, కారులో వచ్చిందని కూడా చెప్పండి.

సర్టిఫికెట్టు కొత్త కారుకి మొదటి ఏడాది అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 కార్లకు ఏడాదికోసారి, అంతకన్నా పాతవాటికి ఆరునెలలకోసారి. మా గొట్టం మార్పించాక చిన్నదానికి మళ్లీ తలనొప్పి రాలేదు.