బాక్స్ మీద 'మేడ్ ఇన్ ఇండియా' సరే.. లోపలి మాగ్నెట్ సంగతేంటి?

2025 జులైలో ఓ వార్త వచ్చింది. హైదరాబాద్ శివారు కొంగర కలాన్‌లో ఎయిర్‌పాడ్స్ తయారుచేసే ఫాక్స్‌కాన్ ప్లాంట్‌కి డిస్ప్రోసియం అనే లోహం సరిగ్గా అందట్లేదని, దానివల్ల పని నెమ్మదించిందని. ప్రొడక్షన్ ఆగలేదని కంపెనీ వైపు నుంచి మాట కూడా వచ్చింది. అంతే, రెండు రోజుల్లో అందరూ మర్చిపోయారు. కొత్త ఫోన్ కెమెరా బంప్ ఎంత లావుందనే లీకులకి దొరికిన అటెన్షన్‌లో పదో వంతు కూడా దీనికి దొరకలేదు. నన్నడిగితే, ఆ ఏడాది మన దగ్గర గ్యాడ్జెట్లంటే పిచ్చి ఉన్నవాళ్లు చదవాల్సిన మొదటి వార్త అదే.

ఎందుకో చెప్తా. మీ ఫోన్ టైప్ చేస్తున్నప్పుడు 'టిక్' మని వేలికి తగులుతుంది కదా, ఆ హాప్టిక్ మోటార్‌లో మాగ్నెట్ ఉంది. స్పీకర్‌లో ఉంది. కెమెరా ఫోకస్ మార్చుకునేటప్పుడు లెన్స్‌ని జరిపే చిన్న మోటార్‌లో ఉంది. మ్యాగ్‌సేఫ్ పేరులోనే ఉంది. ఇవన్నీ నియోడిమియం మాగ్నెట్లు. మామూలు ఫెర్రైట్ మాగ్నెట్‌తో పోలిస్తే వీటి బలం దాదాపు పది రెట్లు. అందుకే ఇయర్‌బడ్ అంత చిన్నదానిలో ఇమిడిపోతాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ వాళ్లు కావాలంటే మోటార్ సైజ్ కాస్త పెంచుకుని ఫెర్రైట్‌కి మారొచ్చు, కొందరు ఆ ప్రయత్నంలోనే ఉన్నారు. ఫోన్‌లో అంత చోటెక్కడిది?

ఇక ఆ మాగ్నెట్ ఎక్కడ తయారవుతోంది? ప్రపంచంలో పదింటిలో తొమ్మిది చైనాలోనే. 2025 ఏప్రిల్ 4న అమెరికా టారిఫ్‌లకి జవాబుగా చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల మీద, వాటితో చేసిన మాగ్నెట్ల మీద ఎగుమతి లైసెన్సులు పెట్టింది. అందులో డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. మాగ్నెట్ వేడెక్కినా బలం కోల్పోకుండా చూసేవి ఇవే. ఫలితం నెలల్లోనే కనిపించింది. జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ లైన్ ఆపింది, షికాగోలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ప్లాంట్ వారం పాటు మూతపడింది, మన దగ్గర బజాజ్ చేతక్ ఉత్పత్తి తగ్గింది. అక్టోబర్‌లో మరో ఐదు మూలకాలు లిస్టులో చేర్చారు. ఆ నెలాఖరున ట్రంప్, జిన్‌పింగ్ బుసాన్‌లో కలిశాక ఆ రెండో విడతని ఏడాది పాటు పక్కన పెట్టారు. ఏప్రిల్‌లో పెట్టిన లైసెన్సులు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే కుళాయి వాళ్ల చేతిలోనే ఉంది.

ఇక్కడే సోషల్ మీడియాలో ఓ రొటీన్ కామెంట్ వస్తుంది: "మన దగ్గర కూడా ఉన్నాయి కదా, తవ్వేస్తే పోలా?" ఉన్నాయి. ఇవి పేరుకే 'రేర్'. సీరియం అనే మూలకం భూమి పొరల్లో రాగి అంత విరివిగా దొరుకుతుంది. మన దేశంలో బీచ్ ఇసుకలో మోనజైట్ రూపంలో ఉన్న నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ తీరానికి పెద్ద వాటా ఉంది. భీమిలి నుంచి శ్రీకాకుళం వరకు ఆ నల్ల ఇసుకని మీలో చాలామంది చూసే ఉంటారు.

అసలు కష్టం తవ్వడంలో లేదు, విడదీయడంలో ఉంది. మొత్తం 17 మూలకాలు, కెమిస్ట్రీ లెక్కలో దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చేయాలంటే ద్రావకాల్లో కలిపి, తేర్చి, మళ్లీ కలిపి వందల దశలు దాటించాలి. దీన్ని చైనా మూడు నాలుగు దశాబ్దాలు కూర్చుని నేర్చుకుంది. బావోటౌలో వ్యర్థాల సరస్సు లాంటి భారీ మూల్యం కూడా అక్కడి జనం చేత కట్టించింది. 2023 డిసెంబర్‌లో ఆ టెక్నాలజీ ఎగుమతినే నిషేధించింది. ఖనిజం అమ్ముతాం కానీ రెసిపీ ఇవ్వం అన్నమాట.

ఖనిజం ఉన్నంత మాత్రాన పని జరగదని చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, విశాఖ చాలు. ఒడిశాలోని ఛత్రపూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇసుక నుంచి రేర్ ఎర్త్ క్లోరైడ్ తీస్తుంది. అది విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఉన్న టొయోట్సు అనే జపాన్ కంపెనీ ప్లాంట్‌కి వస్తుంది. అక్కడ శుద్ధి చేసి జపాన్‌కి పంపుతారు, మాగ్నెట్లు అక్కడ తయారవుతాయి. 2012 నాటి ఒప్పందం ఇది. 2024లో అలా వెయ్యి టన్నులకు పైగా వెళ్లింది. అదే సమయంలో మనం 2024-25లో దిగుమతి చేసుకున్న మాగ్నెట్లు 53 వేల టన్నుల పైనే. ఆ ఎగుమతులు ఆపమని 2025 జూన్‌లో ప్రభుత్వం ఐఆర్ఈఎల్‌కి చెప్పినట్టు వార్తలొచ్చాయి. సరే, ఆపారే అనుకుందాం. ఆ సరుకు తీసుకుని ఇక్కడ మాగ్నెట్ చేసేదెవరు?

అదే విశాఖలో 2023 మే నెలలో ఐఆర్ఈఎల్ మాగ్నెట్ ప్లాంట్‌ని ప్రధాని జాతికి అంకితం చేశారు. సమారియం-కోబాల్ట్ మాగ్నెట్లు, ఏడాదికి 3,000 కిలోలు. రక్షణ, అంతరిక్ష అవసరాల కోసం. ముఖ్యమైన అడుగే, ఎగతాళి చేయట్లేదు. కానీ 3 టన్నులు ఎక్కడ, 53 వేల టన్నులెక్కడ!

అందుకే 2025 నవంబర్‌లో కేబినెట్ ఆమోదించిన 7,280 కోట్ల రూపాయల స్కీమ్ సరైన చోట గురిపెట్టిందని నేను నమ్ముతున్నా. గని కాదు, మాగ్నెట్ ఫ్యాక్టరీ పెడితే డబ్బులిస్తామంటోంది. టార్గెట్ ఏడాదికి 6,000 టన్నులు. ప్లాంట్లు కట్టుకోవడానికి రెండేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లు అమ్మకాల మీద ప్రోత్సాహకాలు. 2026 బడ్జెట్‌లో రేర్ ఎర్త్ కారిడార్లు ప్రకటించిన నాలుగు రాష్ట్రాల్లో ఏపీ కూడా ఉంది.

కానీ లెక్క కట్టి చూస్తే ఓ గ్యాప్ కనిపిస్తుంది. మాగ్నెట్ బరువులో దాదాపు 30 శాతం నియోడిమియం, ప్రసియోడిమియం ఉంటాయి. 6,000 టన్నులకి సుమారు 1,800 టన్నులు కావాలి. ఐఆర్ఈఎల్ ఇప్పుడు ఇవ్వగలిగేది 500 టన్నుల లోపే. పైగా మన మోనజైట్‌లో డిస్ప్రోసియం లాంటి బరువు రకాలు తీయడానికి గిట్టుబాటయ్యేంత లేవు. అంటే కొంగర కలాన్‌కి అందని ఆ లోహం భీమిలి ఇసుకలో దొరకదు. బయట నుంచే రావాలి. 2025 మేలో ఆస్ట్రేలియా కంపెనీ లైనస్ మలేసియాలో డిస్ప్రోసియం ఆక్సైడ్ తీయడం మొదలుపెట్టింది. చైనా బయట అలాంటి కమర్షియల్ సప్లై ఇదే మొదలు. ఆ లైనస్ నిలబడటానికి కారణం జపాన్. 2010లో పడవ గొడవతో చైనా సరుకు ఆపేసిన దెబ్బ తిన్నాక, 2011లో 25 కోట్ల డాలర్లు పెట్టింది. వెంటనే లాభం రాకపోయినా వదల్లేదు. పదిహేనేళ్లకి కూడా జపాన్ పూర్తిగా బయటపడలేదు, దాదాపు 90 శాతంగా ఉన్న ఆధారం 60 దాకా తగ్గింది. ఏ మంత్రి అయినా "రెండేళ్లలో ఆత్మనిర్భర్" అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఇసుక తవ్వకం గురించి ఒక్క మాట. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం. కన్యాకుమారిలో ఐఆర్ఈఎల్ ప్రాజెక్టుని మత్స్యకారులు వ్యతిరేకిస్తున్నారంటే ఊరికే కాదు. శ్రీకాకుళం తీరంలో కూడా వాళ్లని పక్కన పెట్టి పని మొదలుపెడితే కోర్టుల్లో పోయే ఏళ్లు ఏ స్కీమూ తిరిగి ఇవ్వలేదు.

నాకు అసలు భయం వేరే. మన ఫ్యాక్టరీ రెడీ అయిన రోజు చైనా ధర తగ్గిస్తే? గతంలో అమెరికాలోని మౌంటెన్ పాస్ గని ఇలా చౌక సరుకు దెబ్బకే చితికిపోయింది. అందుకే ఇప్పుడు అక్కడి ప్రభుత్వం ఎంపీ మెటీరియల్స్‌కి కిలో 110 డాలర్ల కనీస ధర గ్యారంటీ ఇచ్చింది. ఆపిల్ కూడా అదే కంపెనీతో 50 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది, రీసైకిల్ చేసిన మాగ్నెట్ల కోసం. కొనేవాడు ముందే "నేను కొంటా" అని రాసిస్తేనే ఫ్యాక్టరీ నిలబడుతుంది. మన స్కీమ్‌లో ప్రోత్సాహకం ఉంది, కొనే గ్యారంటీ లేదు. ఇక్కడ కోట్లాది ఫోన్లు అసెంబుల్ చేయించుకుంటున్న బ్రాండ్లలో ఒక్కటైనా ఇక్కడి మాగ్నెట్ కొంటానని బహిరంగంగా మాటిస్తే, ఆ మాటకి సబ్సిడీ కంటే విలువెక్కువ. ఫోన్ మొత్తం ధరలో మాగ్నెట్ ఖర్చు చాలా చిన్నది, కాస్త ఎక్కువ పెట్టినా మీ జేబుకి పెద్దగా తెలీదు.

ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌కి అప్‌డేట్స్ ఎన్నేళ్లిస్తారని అడిగితే బ్రాండ్ల వాళ్లు నవ్వి టాపిక్ మార్చేవాళ్లు. రివ్యూల్లో, కామెంట్లలో జనం అడిగి అడిగి వదల్లేదు. ఇప్పుడు పిక్సెల్, గెలాక్సీ ఎస్ సిరీస్ 7 ఏళ్లని గొప్పగా స్లైడ్ వేసి చూపిస్తున్నాయి. 'ఈ ఫోన్‌లో మాగ్నెట్ ఎక్కడిది, రీసైకిల్ చేసింది ఎంత' అన్న ప్రశ్నకి కూడా రివ్యూల్లో ఓ లైన్ ఉండాలి. బ్రాండ్ జవాబు ఇస్తే అది రాద్దాం. ఇవ్వకపోతే, అడిగాం, చెప్పలేదు అని రాద్దాం.