ప్రమాదం: ఒక్క మాట, మూడు లెక్కలు



భూమి కాస్త కదిలిన ప్రతిసారీ మనకు వినిపించే ఓదార్పు వాక్యం ఒకటుంది: “మనది తక్కువ ప్రమాదం గల జోన్, భయపడవలసిన పని లేదు.” 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో భూమి కంపించి, ఆ కదలిక హైదరాబాదు దాకా తెలిసినప్పుడూ ఈ మాటే వినవచ్చింది. ఇది శాస్త్రరీత్యా సగమే నిజమనీ, భాషారీత్యా పూర్తిగా తప్పనీ నా వాదన.

నేను భూభౌతిక శాస్త్రజ్ఞుణ్ణి కాను. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. అయితే మాట మసకబారితే ఆలోచనా మసకబారుతుందన్నది నా వృత్తి నేర్పిన పాఠం గనుక, నాది కాని రంగంలో తలదూరుస్తున్నాను.

ఒక విశాల ప్రాంతానికి భూకంప నష్టాన్ని అంచనా కట్టేవారు మూడు విషయాలను విడివిడిగా లెక్కిస్తారు. అక్కడి నేల ఎంత తీవ్రంగా, ఎంత తరచుగా కంపించవచ్చునన్నది మొదటిది; దానిని విపద్ధేతువు అందాం. ఆ నేల మీద ఎందరు మనుషులు, ఎన్ని కట్టడాలు ఉన్నాయన్నది రెండవది. ఆ కట్టడాలు కుదుపుకు ఎంతవరకు తట్టుకోగలవన్నది మూడవది, అది దౌర్బల్యం. ఈ మూడూ కలిస్తేనే నష్టభయం ఎంతో తెలుస్తుంది. మనమేమో అన్నింటికీ ‘ప్రమాదం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. జోన్ పటం చెప్పేది మొదటిదానిని గురించి మాత్రమే. దానిని చూసి భయం లేదనడం, ఒక్క లెక్కల మార్కులు చూసి పిల్లవాడు తరగతి దాటాడని ప్రకటించడం వంటిది.

దీనికి మన పొరుగునే నిదర్శనముంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగించుకొని జనం ఆదమరచి నిద్రిస్తున్న వేళ, మహారాష్ట్రలోని కిల్లారి పరిసర గ్రామాలు కూలిపోయాయి. భూకంప పరిమాణం 6.2. మృతులు 8,000 నుంచి 10,000 వరకు ఉంటారని వేర్వేరు లెక్కలు. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటవ జోన్, అంటే అన్నింటికన్నా తక్కువది! అక్కడ ప్రాణాలు తీసినవి మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపైన దూలాలు, పలకల మీద ఏళ్ల తరబడి పరచిన మట్టి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ పాత ఊళ్లలో మట్టిమిద్దెలు ఎరిగినవారికి ఈ వర్ణన కొత్త కాదు.

ఇక పటం సంగతి. 1967లో కొయినా కంపించిన తరువాత 1970లో పటం మారింది. కిల్లారి కూలిన తరువాత 2002లో ఒకటవ జోన్‌ను రద్దుచేసి రెండవదానిలో కలిపారు. కిల్లారి ప్రాంతాన్ని మూడవ జోన్‌లో చేర్చారు. అంటే పటం మృతుల వెనుక నడిచింది. ఇది శాస్త్రజ్ఞుల నింద కాదు. శతాబ్దాల కొకసారి కదిలే చీలికల జాడ కొద్దికాలపు రికార్డులలో దొరకదు. అటువంటి పటాన్ని అభయపత్రంగా చదివే మనదే తప్పు.

నేల కదలిక మాత్రమే నష్టాన్ని నిర్ణయిస్తుందనేవారు 2010వ సంవత్సరాన్ని తలచుకోవాలి. జనవరిలో హైతీలో 7.0 పరిమాణంతో వచ్చిన భూకంపానికి లక్షకు పైగా జనం మరణించారని అంచనా. ఫిబ్రవరిలో చిలీలో వచ్చినది 8.8, శక్తిలో సుమారు 500 రెట్లు పెద్దది. అక్కడి మృతులు 500 పైచిలుకు. భూకంపకేంద్రాల దూరమూ లోతూ కొంత కారణమే. కాని ప్రధాన భేదం, చిలీ దశాబ్దాలుగా నిర్మాణ నిబంధనలను కాగితం మీద కాక గోడలలో అమలు చేయడం.

పల్లెలదే ఈ బాధ అనుకోవద్దు. 2001 జనవరి 26న కచ్‌లో భూమి కంపిస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందలమంది చనిపోయారు. వాటిలో అనేకం కింద కార్ల కోసం గోడలు లేకుండా వదిలి, పైన అంతస్తులు పేర్చినవి. మన నగరాలలో ఏ వీధిలో చూసినా కనబడేవి అవే కదా!

“జనాన్ని ఎందుకు భయపెట్టడం?” అని కొందరంటారు. భయపెట్టేది అజ్ఞానం, లెక్క కాదు. పాత గోడకు చుట్టూ పట్టీ కట్టించాలా, అపార్టుమెంటు స్తంభాలు బలపరచాలా అన్నది తెలుసుకున్నవాడు పని చేస్తాడు; ‘భయం లేదు’ అని విన్నవాడు పడుకుంటాడు.

లెక్క అసాధ్యమూ కాదు. ఇటలీలోని పావియాలో 2009లో ఏర్పడిన గ్లోబల్ ఎర్త్‌క్వేక్ మోడల్ సంస్థ ఓపెన్‌క్వేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. సంభవించగల వేలాది భూకంపాలను కంప్యూటర్‌లో నడిపించి, ఏ చోట ఏ రకం ఇళ్లకు ఎంత నష్టమో అది లెక్కిస్తుంది. ఆ సంస్థ 2018లో కంపన తీవ్రతకు ఒక పటాన్నీ, నష్టభయానికి వేరొక పటాన్నీ వెలువరించింది. మన దేశంలోనూ 1997 నుంచే వల్నరబిలిటీ అట్లాసు ఉంది. జనగణన ఆధారంగా, ఏ జిల్లాలో ఏ గోడ, ఏ కప్పు గల ఇళ్లు ఎన్నో అందులో పట్టికలున్నాయి. రంగుల పటానికి దొరికే గౌరవం ఆ పట్టికలకు దొరకలేదు.

కనుక నేను కోరేది ఒక్కటే. జోన్ అంకె చెప్పిన ప్రతి ప్రకటనా దాని పక్కనే ఆ జిల్లా జనసంఖ్యనూ, బలహీనమైన ఇళ్ల సంఖ్యనూ చెప్పాలి. చెప్పని ప్రకటనను మనం అర్ధసత్యంగానే ఎంచాలి.

సంస్కృతంలో ‘ప్రమాదం’ అనే మాటకు అసలు అర్థం ఏమరుపాటు. ఆ అర్థంలోనైతే మనది నిస్సందేహంగా ఎక్కువ ప్రమాదం గల జోనే. కాదనేవారు నిస్సంకోచంగా వాదించండి; సమాధానమివ్వడానికి నేను సిద్ధం.