పెళ్లి క్యాసెట్టు... గోడ మీది టీవీ!

సంక్రాంతికి మనవళ్లూ మనవరాళ్లూ దిగిన ఓ ఇల్లు అనుకోండి. ఊరు నరసరావుపేటే అనుకుందాం. భోగి మంటలో వేయడానికి పాత సామానేమైనా ఉందేమోనని పిల్లలు అటకెక్కారు. ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద, పాలిథిన్ కవర్లో చుట్టి ఓ నల్లటి డబ్బా దొరికింది. పైన బాల్‌పెన్నుతో రెండు పేర్లు, 1991 అన్న అంకె. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్! దుప్పటి చుట్టుకుని వీసీఆర్ కూడా పక్కనే ఉంది. హాల్లో గోడకు 43 అంగుళాల కొత్త టీవీ. ఇంకేం, పెట్టేద్దాం అనుకున్నారు.

అక్కడే ఆగిపోయింది. వీసీఆర్ వెనక పసుపు, తెలుపు సాకెట్లున్నాయి. టీవీ వెనక ఆ రంగులే లేవు.

‘‘ఏమైందిరా?’’ అంది నాయనమ్మ.

‘‘వైరు పట్టట్లేదు నాయనమ్మా.’’

‘‘మీ తాతయ్య మాట్లాడతాడురా అందులో. పందిట్లో వంటవాళ్లని కేకలేస్తుంటాడు. ఆ ముక్క ఒక్కటి చూపించండి చాలు.’’

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఫొటోలు బోలెడున్నాయి. కానీ ఆయన గొంతు మిగిలింది ఆ డబ్బాలోనే.

పల్నాడులోనే కాదు, తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి డబ్బాలకు కొదవ లేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశానికి కలర్ టీవీ వచ్చింది. ఆ వెనకే వీసీఆర్లూ ఊళ్లలోకి దిగాయి. రాత్రికి కలర్ టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి, వీధంతా చాపలేసుకుని తెల్లారేదాకా వరసగా మూడు సినిమాలు చూసిన రోజులవి. ఆ తర్వాత పెళ్లిళ్లకు వీడియో తప్పనిసరైంది. మొహం మీద లైటు, పక్కన వైరు పట్టుకుని తిరిగే కుర్రాడు, ‘ఇటు చూడండి’ అనే వీడియోగ్రాఫరు. ఆ లైటు వేడికి పెళ్లికూతురి బొట్టు కరిగిపోయేది. అయినా అందరూ ఓపికపట్టారు, ఎప్పటికీ చూసుకోవచ్చని. ఆ ‘ఎప్పటికీ’ ఇంత త్వరగా అయిపోతుందని ఎవరూ అనుకోలేదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో చేతులెత్తేసింది. కారణం, విడిభాగాలు దొరకడం కష్టమైపోవడమే.

మరిప్పుడేం చేయాలి?

ముందు టీవీ వెనక తీరిగ్గా వెతకండి. చాలా టీవీల్లో మూడు రంగుల సాకెట్లు పోయినా, ఇయర్‌ఫోన్ పెట్టేలాంటి చిన్న రంధ్రం ఒకటుంటుంది. పక్కన ‘ఏవీ ఇన్’ అని రాసి ఉంటుంది. ఓ చివర ఆ చిన్న పిన్ను, మరో చివర మూడు రంగుల పిన్నులుండే వైరు ఒకటి టీవీతోపాటే వస్తుంది. చాలామంది దాన్ని అట్టపెట్టెతో సహా పారేస్తారు. బయట కొంటే ఓ చిక్కుంది. ఆ చిన్న పిన్ను మీద ఏ గీత బొమ్మకు, ఏ గీత శబ్దానికి అన్నది అన్ని వైర్లకూ ఒకేలా ఉండదు. బొమ్మ రాకుండా స్పీకర్లోంచి గుర్రుమని చప్పుడొస్తే, వీసీఆర్ బొమ్మ వైరును పసుపులోంచి తీసి ఎరుపులో పెట్టి చూడండి. నష్టమేమీ లేదు, చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది.

ఆ రంధ్రమూ లేదంటే ఉన్న దారి హెచ్‌డీఎంఐ. 2002 చివర్లో ప్రకటించిన ఈ సాకెట్ ఇప్పుడు ప్రతి కొత్త టీవీకీ ఉంది. కానీ అందులోకి వెళ్లేది అంకెల రూపంలోని బొమ్మ. వీసీఆర్ ఇచ్చేది అలల రూపంలోని సంకేతం. రెండూ భాష రానివాళ్లలాంటివి, మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉండే కన్వర్టర్ డబ్బా. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే... వాటిలో రెండు రకాలున్నాయి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ ఒకటి, ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ మరొకటి. రెండూ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. రెండోది కొత్త పెట్టెను పాత టీవీకి కలపడానికి. మనకు కావాల్సింది మొదటిది. అమ్మేవాళ్లకూ ఒక్కోసారి ఈ తేడా తెలీదు. డబ్బా మీద ‘ఇన్‌పుట్’ అన్న వైపు మూడు రంగుల సాకెట్లున్నాయో లేదో మీరే చూసుకోండి. దానికి సెల్‌ఫోన్ ఛార్జరు లాంటి కరెంటు వైరు కూడా పెట్టాలి. అది మర్చిపోయి ‘పనిచేయట్లేదు’ అని తిరిగిచ్చేసేవాళ్లూ ఉంటారు.

సరే, బొమ్మ వచ్చింది. కానీ పెళ్లికూతురు లావైపోయింది! పెళ్లికొడుకు మొహం గుమ్మడికాయలా ఉంది. తప్పు వీడియోగ్రాఫరుది కాదు. ఆనాటి బొమ్మ నాలుగుకు మూడు పాళ్లలో ఉండేది. ఇప్పటి తెర పదహారుకు తొమ్మిది. టీవీ దాన్ని అడ్డంగా సాగదీస్తుంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజును ‘4:3’కి మారిస్తే రెండు పక్కలా నల్లటి పట్టీలొస్తాయి. మధ్యలో అమ్మ మళ్లీ అమ్మలా కనిపిస్తుంది. కన్వర్టర్ మీద 720, 1080 అని ఓ మీట ఉంటుంది. 1080లో పెడితే బొమ్మ హెచ్‌డీ అయిపోతుందని ఆశపడొద్దు. మన దేశపు ‘పాల్’ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. అందులో కంటికి కనిపించేవి 576. వీహెచ్ఎస్ టేపు అడ్డంగా పట్టి ఉంచగలిగే వివరం దాదాపు 240 గీతలంతే. ఇప్పటి హెచ్‌డీ తెర మీద 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. చారెడు పిండితో గంపెడు అట్లు పోసినట్టే! టీవీలో ‘షార్ప్‌నెస్’ బాగా తగ్గించి, సోఫా కాస్త వెనక్కి జరుపుకుంటే కళ్లకు హాయి. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఆనాటి డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే ఈ క్యాసెట్‌కు అంతకన్నా మంచి జోడీ లేదు. అవి రెండూ ఒకదానికొకటి పుట్టినవి.

ఇంకో చిక్కు నీలం తెర. ఆనాటి టీవీలు సంకేతం తడబడినా చుక్కలతో, గీతలతో బొమ్మను ఎలాగోలా చూపించేవి. కొత్తవాటికి అంత ఓర్పు లేదు. అరిగిన టేపు నుంచి వచ్చే సంకేతం కాస్త ఊగగానే ‘నో సిగ్నల్’ అని నీలం తెర వేసేస్తాయి. అప్పుడు టేపు చెడిపోయిందని తేల్చేయొద్దు. వీసీఆర్ మీద ‘ట్రాకింగ్’ అన్న మీటను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. ఎవరి దగ్గరైనా పాత డీవీడీ రికార్డరుంటే దాని గుండా పంపి చూడండి. కొన్ని రికార్డర్లు ఊగే సంకేతాన్ని నిలబెట్టి పంపుతాయి.

అమెరికాలోని బంధువులు పంపిన క్యాసెట్లయితే కథ మళ్లీ వేరు. వాళ్లది 525 గీతల ‘ఎన్‌టీఎస్‌సీ’ పద్ధతి. మామూలు వీసీఆర్లో పెడితే రంగులు పోయి బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. ‘మల్టీ సిస్టమ్’ అని రాసి ఉన్నది కావాలి.

ఇంతకీ వైర్ల సంగతి తేలికే. అసలు భయం క్యాసెట్ గురించి. రాష్ట్రంలో ఎండల వార్త వచ్చినప్పుడల్లా కనిపించే పేరు రెంటచింతల. ఆ చుట్టుపక్కల ఇళ్ల అటకల మీద ముప్ఫై వేసవులు మగ్గిన టేపు ఎలా ఉంటుందో ఊహించండి. వేడికి రీలు సాగి అంచులు ముడతపడతాయి. వానాకాలం తేమకు బూజు పడుతుంది. పిడుగురాళ్ల సున్నం దుమ్ము, మిరప కల్లాల దుమ్ము సరేసరి. కిటికీలోంచి చూస్తే రీలు మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని వీసీఆర్లో పెట్టనే పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకుంటుంది, మిగతా క్యాసెట్లకూ పాకుతుంది.

వీసీఆర్ కూడా ముసలిదే. లోపల రబ్బరు బెల్టులు సాగిపోయుంటాయి, రీలును లాగే చక్రం గట్టిపడి ఉంటుంది. నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ము చుట్టూ సన్నటి రీలు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా మించకుండా పాకుతుంది. ఎక్కడ పట్టు తప్పినా రీలు నలిగి లోపల చుట్టుకుపోతుంది. అందుకే పెళ్లి క్యాసెట్‌తో మొదలుపెట్టకూడదు. పోయినా ఫర్వాలేదనుకునే పాత సినిమా క్యాసెట్ ఒకటి అరగంట ఆడించి చూడండి. తర్వాత పెళ్లి క్యాసెట్ వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచి ఉందో లేదో చూడండి. లేకుంటే విరిచేయండి. అది ఉన్నంతకాలం, తప్పు మీట నొక్కితే పెళ్లి మీద రికార్డింగ్ అయిపోతుంది. ఎన్నో ఏళ్లుగా కదలని రీలును ఓసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్టలు సర్దుకుంటాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఆ టేపు ఇంకెన్నిసార్లు ఆడుతుందో ఎవరూ చెప్పలేరు. పదిసార్లు కావచ్చు, ఒక్కసారే కావచ్చు. అందుకని చూడటానికంటూ ముందు పెట్టొద్దు. మొదటిసారి ఆడించేటప్పుడే రికార్డు చేసుకోవాలి. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాలూ ఎక్కువ ఖరీదేం కాదు. పసుపు, తెలుపు పిన్నులు దానికిచ్చి, క్యాసెట్ మొత్తం ఒక్క బిగిన ఆడనివ్వాలి. డీవీడీ నాణ్యతలో గంటకు దాదాపు రెండు జీబీ అవుతుంది. మూడు గంటల క్యాసెట్ ఓ చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. ఓపిక లేనివాళ్లు ఈ పని చేసిపెట్టే ఫొటో స్టూడియోకి ఇవ్వొచ్చు. కాకపోతే ‘నీట్‌గా ఎడిట్ చేస్తాం’ అంటే వద్దనండి. వాళ్లు పనికిరాదని కోసేసే చోటే వంటవాళ్లను కేకలేసే తాతయ్య ఉంటాడు. కాపీ అయ్యాక క్యాసెట్‌ను పారేయొద్దు. అటక మీద కాదు, బీరువాలో నిలబెట్టి ఉంచండి.

పెళ్లిళ్లే కాదు. కోటప్పకొండ తిరునాళ్లలో ఊరూరి ప్రభలు, కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు... రాచగావు నుంచి కల్లిపాడు దాకా అయిదు రోజులు సాగే ఆ తంతును, వీరగాథ పాడే వీరవిద్యావంతుల గొంతును ఆ రోజుల్లో ఎవరైనా సరదాగా కెమెరాతో తీసి ఉంటే అవీ ఇలాంటి డబ్బాల్లోనే ఉంటాయి. వాటికి రెండో కాపీ ఉండే అవకాశం తక్కువ. ఏ ఊళ్లో, ఎవరి ట్రంకుపెట్టెలో ఉన్నాయో!

మళ్లీ నరసరావుపేట ఇంటికి వద్దాం. కనుమ రోజుకి కన్వర్టర్ వచ్చింది. పక్కవీధి కుర్రాడి దగ్గర్నుంచి క్యాప్చర్ పరికరమూ వచ్చింది. రీలు ముందుకీ వెనక్కీ తిరిగింది. రికార్డింగ్ మొదలైంది. రెండు గంటల వీడియోలో చాలా భాగం సినిమా పాటలే. మిక్సింగ్ చేసినాయన తాళికట్టే దగ్గర, అప్పగింతల దగ్గర అసలు శబ్దం తీసేసి పాటలేశాడు. తాతయ్య కనిపిస్తున్నాడు, చేతులూపుతున్నాడు, నోరు కదులుతోంది... వినిపించేది మాత్రం పాట. నాయనమ్మ ఏమీ అనలేదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు కాస్త ఖాళీ వచ్చింది. పందిట్లో గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, వాటి మీదుగా బొంగురు గొంతు: ‘‘అరేయ్, పప్పు అడుగంటుతోంది చూడండ్రా!’’

అంతే. మళ్లీ పాట.

‘‘ఇంకోసారి వెయ్యరా’’ అంది నాయనమ్మ.

‘‘రికార్డింగ్ అవనీ నాయనమ్మా. తర్వాత వందసార్లు చూద్దువుగాని.’’

రీలు తిరుగుతూనే ఉంది.