నాజూకుతనానికి జులాబా?

2015లో వచ్చిన హిందీ సినిమా 'పీకూ' చూశారా? అందులో అమితాబ్ బచ్చన్ వేసిన ముసలాయనకి పొద్దున లేస్తే ధ్యాసంతా మలబద్ధకం మీదే! హాల్లో పగలబడి నవ్విన మనమే, ఆ బాధ మనకొస్తే నోరు విప్పం. సిగ్గు! మందుల షాపులో గుసగుసగా అడిగి ఏదో ఒకటి మింగేస్తాం. కొందరైతే హీరోయిన్‌లా సన్నబడాలని రోజూ జులాబు పుచ్చుకుంటారు. ఈ వారం ఆ సంగతే ముచ్చటించుకుందాం.

ఈ మందులన్నీ ఒకే తానులో ముక్కలు కావు. ఇసబ్‌గోల్ పొట్టు నీటిని పీల్చుకుని ఉబ్బి, మలాన్ని మెత్తబరుస్తుంది. ఫలితానికి 1 నుంచి 3 రోజులు పట్టొచ్చు. గ్లాసు నిండా నీళ్లు తాగకపోతే ఆ పొట్టే అడ్డం పడుతుంది, జాగ్రత్త! లాక్టులోజ్ సిరప్ పేగుల్లోకి నీటిని రప్పిస్తుంది. దానికీ 1, 2 రోజులు కావాలి. మిల్క్ ఆఫ్ మెగ్నీషియాదీ అదే పద్ధతి, కాని వేగం ఎక్కువ. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు దాని జోలికి పోకూడదు. సునాముఖి, బిసకొడిల్ బిళ్లలు పెద్దపేగు కండరాలను తట్టి లేపుతాయి. రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో పనవుతుంది. బిసకొడిల్ బిళ్లను నమలొద్దు, పాలతో మింగొద్దు.

మరి సన్నబడే సంగతో? తిన్నదాంట్లోని బలం దాదాపు అంతా చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ బిళ్లలు పనిచేసేది ఆ తర్వాత వచ్చే పెద్దపేగులో. రైలు వెళ్లిపోయాక టిక్కెట్లు తనిఖీ చేసినట్టన్నమాట! కాటా మీద తగ్గింది నీటి బరువు. నాలుగు గ్లాసులు తాగితే తిరిగొచ్చేస్తుంది. కొవ్వు ఎక్కడిదక్కడే! పైగా నీటితోపాటు పొటాషియమూ పోతుంది. అది మరీ తగ్గితే కండరాలు నీరసించి, గుండె లయ తప్పుతుంది. షూటింగులో తాళం తప్పితే ఇంకో టేకు ఉంది. గుండెకు లేదు.

కనుక ముందు నీళ్లు, ఆకుకూరలు, పళ్లు, కాస్త నడక. అప్పటికీ కాకపోతే ఇసబ్‌గోల్. వారం దాటినా మందు లేనిదే గడవకపోతే, లేదా రక్తం పడితే డాక్టరుగారికి చూపించండి. కడుపునొప్పి, వాంతులు ఉన్నప్పుడు జులాబు అసలు వద్దు. అది అపెండిసైటిస్ కావచ్చు.

సన్నబడాలని మొదలుపెట్టి ఇప్పుడు మానలేకపోతున్నారా? అదీ వైద్యం ఉన్న జబ్బే. అమ్మకో, అక్కకో చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.